పైలట్ లైసెన్సు మీద ఆంక్షలు: ఏవి తప్పించుకోవచ్చు, ఏవి తప్పించుకోనక్కర్లేదు

అడిగింది ఇదీ: గాజువాక కుర్రాడు, ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. కళ్లజోడు పవర్ మైనస్ 3.5. కాలేజీలో పెట్టిన హెల్త్ క్యాంపులో బీపీ 146/92 చూపించింది. నాన్నగారికి షుగర్ ఉంది. ఫ్లయింగ్ స్కూలు వాళ్లు అడ్వాన్సు కట్టమని తొందరపెడుతున్నారు. లైసెన్సు వచ్చినా దాని మీద ఏవేవో ఆంక్షలు రాస్తారట, అవి పడకుండా ఏం చేయాలి అని ప్రశ్న.

ముందు డబ్బు సంగతి. క్లాస్ 1 మెడికల్ అసెస్‌మెంట్, అంటే పైలట్లకి చేసే కఠినమైన వైద్య పరీక్షలో ఫిట్ అన్న కాగితం, చేతికి రాకుండా ఏ స్కూలుకూ పెద్ద మొత్తం కట్టకండి. క్లాస్ 2 ఉంటే స్టూడెంట్ పైలట్ లైసెన్సు వస్తుంది, ఎగరడం మొదలుపెట్టొచ్చు అని స్కూళ్లు చెబుతాయి. అది నిజమే. కానీ జీతానికి ఎగరాలంటే కమర్షియల్ లైసెన్సు కావాలి, దానికి క్లాస్ 1 తప్పదు. క్లాస్ 2లో ఎవరూ పట్టించుకోని కిడ్నీ రాయి, ఈసీజీలో తేడా, రంగుల చూపులో లోపం క్లాస్ 1 దగ్గర బయటపడతాయి. అప్పటికి బ్యాంకు లోను సగం ఖర్చయిపోయి ఉంటుంది. అమెరికాకో న్యూజిలాండ్‌కో వెళ్లి నేర్చుకుంటానన్నా ఇదే మాట. అక్కడి మెడికల్‌తో అక్కడ ఎగురుతారు, తిరిగొచ్చి మన లైసెన్సుగా మార్చుకునేటప్పుడు మళ్లీ మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే క్లాస్ 1 కావాల్సిందే.

వరుస ఇలా ఉంటుంది. డీజీసీఏ జాబితాలో ఉన్న డాక్టరు దగ్గర క్లాస్ 2 చేయించుకోవాలి. ఆ వివరాలు ఈజీసీఏ అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా డీజీసీఏకి చేరాక క్లాస్ 1కి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. మొదటి క్లాస్ 1 వైమానిక దళ కేంద్రాల్లోనో, డీజీసీఏ ఆమోదించిన ఇతర కేంద్రాల్లోనో జరుగుతుంది. విశాఖ నుంచి ఎక్కువమంది బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌కి వెళ్తారు. అక్కడి డాక్టర్లు పరీక్షించి సిఫారసు చేస్తారు, తుది నిర్ణయం మాత్రం డీజీసీఏది. ఆంక్ష ఏదైనా ఉంటే ఆ అసెస్‌మెంట్‌లోనే రాసి ఉంటుంది.

ఇప్పుడు ఆంక్షలంటే ఏమిటో చూద్దాం. అన్నీ ఒకే బరువు కావు. ‘కళ్లద్దాలు పెట్టుకోవాలి, ఇంకో జత దగ్గర ఉంచుకోవాలి’ అన్నది అతి మామూలు ఆంక్ష. దానివల్ల ఒక్క ఉద్యోగం కూడా పోదు. యూరప్ సర్టిఫికెట్లలో దీన్నే వీడీఎల్ అని రాస్తారు. అసలు భయపడాల్సింది రెండో రకానికి: అనుభవమున్న, అర్హత గల మరో పైలట్ పక్కన ఉంటేనే ఎగరాలి అన్నది. యూరప్‌లో దాని పేరు ఓఎంఎల్. అక్కడి నిబంధన ప్రకారం ఓఎంఎల్ ఉన్నవాళ్ల పక్కన కూర్చునే పైలట్‌కి అదే ఆంక్ష ఉండకూడదు, 60 ఏళ్లు నిండి ఉండకూడదు. ఎయిర్‌లైన్‌లో ఎలాగూ ఇద్దరు పైలట్లుంటారు కదా, నష్టమేముంది అనిపిస్తుంది. నష్టం కొత్త పైలట్లకే ఎక్కువ. విమానం నడిపిన 200 గంటలు మాత్రమే చేతిలో పెట్టుకుని ఎయిర్‌లైన్ పిలుపు కోసం చూస్తున్నప్పుడు గంటలు పెంచుకునే దారి ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగమో, ఒంటరిగా నడిపే చిన్న విమానమో. ఆ రెండు తలుపులూ మూసుకుపోతాయి. మూడోది ఆంక్ష కాదు, ‘తాత్కాలికంగా అన్‌ఫిట్’. దీనిలో ఎక్కువ భాగం పరీక్షకి సిద్ధపడకుండా వెళ్లడం వల్లే వస్తుంది. తప్పించుకోవడం పూర్తిగా మన చేతుల్లో ఉన్నది కూడా ఇదే.

మీ 146/92 దగ్గరికొద్దాం. ఒక్క కొలతతో బీపీ జబ్బు ఉందని ఏ డాక్టరూ తేల్చడు. క్యాంపుల్లో కొలిచే తీరు చూస్తే అందరికీ బీపీ వస్తుంది. చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆ మడత భుజం దగ్గర బిగుసుకుపోయి ఉండగా దాని కింద పట్టీ చుట్టేస్తారు. చెయ్యి కిందికి వేలాడుతుంటుంది, కాలు మీద కాలు వేసుకుని ఉంటారు, కొలిచే అబ్బాయి పేరూ వయసూ అడుగుతుంటే జవాబు చెబుతుంటారు. ఇవన్నీ కొలతని తప్పుదారి పట్టిస్తాయి, కొన్ని పై అంకెని 5, 10 పాయింట్లు లేపగలవు. పట్టీ సైజు ఇంకా ముఖ్యం. మోచేతికి పైన చుట్టుకొలత 27 నుంచి 34 సెంటీమీటర్లు ఉంటే మామూలు పట్టీ, 35 దాటితే పెద్ద పట్టీ వాడాలి. జిమ్ చేసే కుర్రాళ్లలో చాలామందికి పెద్దదే కావాలి. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే లేని బీపీ కనిపిస్తుంది. పరీక్ష గదిలో పట్టీ బిగుతుగా అనిపిస్తే పెద్దది ఉందా అని మర్యాదగా అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంట్లో ఒక వారం సరిగ్గా కొలవండి. పై చేతికి కట్టే డిజిటల్ మిషన్ కొనండి, మణికట్టుది వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ టీ సిగరెట్టు లేకుండా అరగంట గడిచాక, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద ఆన్చి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఎడం. 7 రోజులు రాసి, మొదటి రోజువి కొట్టేసి, మిగతావాటి సగటు తీయండి. క్లినిక్‌లో గీత 140/90 అయితే ఇంట్లో గీత 135/85. మీ సగటు దానికి బాగా కిందుంటే అది డాక్టరు ముందు గుండె దడదడలాడటం వల్ల వచ్చే బీపీయే. అప్పుడు 24 గంటల బీపీ పరీక్ష ఒకటి చేయించి రిపోర్టు ఫైల్లో పెట్టుకోండి. రోజంతటి సగటు 130/80 లోపు ఉండాలి. క్లాస్ 1 పరీక్ష చేసే మెడికల్ బోర్డు దగ్గర అంకె పెరిగినా ఈ కాగితం మాట్లాడుతుంది.

సగటు నిజంగానే ఎక్కువొస్తే దాచుకోవద్దు, వాయిదా వేయొద్దు. 18 ఏళ్లకి బీపీ ఉందంటే కారణం వెతకాలి: కిడ్నీ, కిడ్నీకి వెళ్లే రక్తనాళం, థైరాయిడ్. అంతకన్నా ముందు మందుల డబ్బా చూసుకోండి. జలుబు మాత్రల్లోని ఫినైల్‌ఎఫ్రిన్, నొప్పికి వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, జిమ్‌కి ముందు తాగే పొడులు, గొంతుకని నమిలే అతిమధురం, ఇవన్నీ బీపీని పెంచగలవు. అతిమధురం సంగతి విని నవ్వేవాళ్లున్నారు కానీ అది ఒంట్లో ఉప్పుని నిలబెట్టి పొటాషియాన్ని తగ్గిస్తుంది. ఇక ఉప్పు: రోజుకి 5 గ్రాములు దాటొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ, ఎండు చేపలు, సాయంత్రం బీచ్ రోడ్డులో మిక్చర్ పొట్లం కలిస్తే ఆ లెక్క దాటిపోయినట్టే. రెండు నెలలు ఇవి తగ్గించి, రోజూ 40 నిమిషాలు చెమట పట్టేలా నడిస్తే గీత మీద ఉన్నవాళ్లు చాలామంది దిగుతారు.

మందు తప్పదంటే బోర్డుకి వెళ్లే చాలా ముందే మొదలుపెట్టండి. మందు మొదలెట్టిన వారంలో వెళ్తే ‘స్థిరపడ్డాక రండి’ అని తాత్కాలికంగా అన్‌ఫిట్ రాస్తారు. మీ ఫిజీషియన్‌కి ఇది పైలట్ మెడికల్ అని ముందే చెప్పాలి. టెల్మిసార్టాన్ కోవకి చెందినవి, ఏసీఈ ఇన్హిబిటర్లు, ఆమ్లోడిపిన్ లాంటివి విమానయాన వైద్యంలో సాధారణంగా ఒప్పుకునేవి. క్లోనిడిన్, మిథైల్‌డోపా లాంటి మెదడు మీద పనిచేసేవీ, లేచి నిలబడగానే బీపీ పడిపోయేలా చేసే ప్రజోసిన్ లాంటివీ తంటా తెస్తాయి. అదే అంకెకి ఒక మందుతో ఇబ్బంది లేకుండా గడిచిపోతుంది, ఇంకో మందుతో ఆంక్ష పడుతుంది. పరీక్ష రోజు పొద్దున్నే గుట్టుగా ప్రొప్రనలాల్ వేసుకెళ్లే చిట్కా ఒకటి చెలామణిలో ఉంది. దాన్ని నమ్మొద్దు. నాడి 50 దగ్గర కూర్చుంటుంది, ట్రెడ్‌మిల్ మీద గుండె వేగం చేరాల్సిన చోటికి చేరదు, డాక్టరుకి వెంటనే అర్థమైపోతుంది.

బెంగళూరు ప్రయాణం కూడా బీపీలో భాగమే. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి సరిగ్గా నిద్ర లేకుండా దిగి, ఆటోలో నేరుగా బోర్డుకి వెళ్లకండి. ఒక రోజు ముందు చేరి, రాత్రి నిద్రపోయి వెళ్లండి.

కళ్ల గురించి మీరు అనవసరంగా భయపడుతున్నారు. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ప్రమాణం ప్రకారం క్లాస్ 1కి అద్దాలతో ఒక్కో కన్ను 6/9, రెండూ కలిపి 6/6 రావాలి. అద్దాలు లేకుండా ఎంత అన్నదానికి కొట్టివేత గీత లేదు. 6/60 కన్నా తక్కువైతే మాత్రం కంటి డాక్టరు పూర్తి రిపోర్టు కావాలంటారు. మైనస్ 3.5 వాళ్లు అటూ ఇటూగా అక్కడే ఉంటారు కాబట్టి రెటీనా పరీక్షతో కలిపి ఆ రిపోర్టు ముందే తీసుకోండి. ‘కళ్లద్దాలు’ అన్న ఒక్క మాట తుడిచేయడానికి లేసిక్ చేయించుకోవడం నన్నడిగితే తెలివైన బేరం కాదు. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు ఎలాగూ ఆపుతారు, రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు, కళ్లు పొడిబారడం మిగిలితే పోగొట్టుకునేది ఆంక్ష కన్నా పెద్దది. ఇదివరకే చేయించుకున్నవాళ్లు ఆపరేషన్‌కి ముందు పవర్ ఎంతుందో చూపే కాగితం, డిశ్చార్జ్ సమ్మరీ జాగ్రత్త చేయాలి. అవి లేకపోతే బోర్డు దగ్గర కథ సాగుతుంది.

కళ్ల దగ్గర జనం తడబడేది చిన్న విషయాల్లో. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు మెత్తటివైతే పరీక్షకి కనీసం వారం, రెండు వారాల ముందు మానాలి, గట్టివైతే ఇంకా ముందు. లేకపోతే కనుగుడ్డు ముందుండే పారదర్శక పొర (కార్నియా) ఆకారం మారి పవర్ తప్పు చూపిస్తుంది. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుంటే ఒక రోజు దాకా దగ్గరి అక్షరాలు మసకగానే ఉంటాయి, కాబట్టి ముందు రోజు వేయించుకోకండి. లెన్సులు రంగువీ, రెండు పవర్లవీ ఒప్పుకోరు, వాటితోపాటు కళ్లజోడు దగ్గర ఉండాలి. చలువ అద్దాలు పోలరైజ్డ్ కొనొద్దు: తల కాస్త వంచగానే కాక్‌పిట్ తెర నల్లగా కనిపిస్తుంది. ఎండకి రంగు మారే అద్దాలు కూడా అక్కడ సరిగ్గా పనిచేయవు, ఎందుకంటే ముందు గాజు అతినీలలోహిత కిరణాలని చాలావరకు ఆపేస్తుంది.

రంగుల చూపు వేరే సంగతి. దీనికి సాధన లేదు, మందు లేదు. ఇషిహారా పుస్తకంలో చుక్కల మధ్య అంకెలు బట్టీ పట్టి వెళ్లేవాళ్లున్నారు, డాక్టర్లు పేజీలు తారుమారు చేసి చూపిస్తారు. మీ అమ్మ తరఫు తాతగారికో మేనమామకో ఈ లోపం ఉందేమో కనుక్కోండి, ఎక్కువగా అటునుంచే మగపిల్లలకి వస్తుంది. డబ్బు కట్టకముందే విశాఖలోనే ఏ కంటి ఆసుపత్రిలోనైనా ఇషిహారా చేయించండి. పగటి వెలుగులో చూపించమనండి, పసుపు బల్బు కింద ఫలితం మారిపోతుంది. ఒకటి రెండు పేజీలు తప్పినంతమాత్రాన అయిపోలేదు, లాంతరు పరీక్ష, కంప్యూటర్ పరీక్ష లాంటి రెండో అంచె ఉంటుంది. ఈ పట్టుదల ఎందుకంటే రన్‌వే పక్కన దిగే ఎత్తు సరిగ్గా ఉందో లేదో చూపే పాపీ లైట్లు నాలుగూ తెల్లగా ఉంటే ఎత్తు ఎక్కువ, నాలుగూ ఎర్రగా ఉంటే ప్రమాదకరంగా కిందున్నట్టు. రేడియో పోయినప్పుడు టవర్ చూపించే సంకేతమూ ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు లైట్లే.

నాన్నగారికి షుగర్ ఉందని మీకు ఆంక్ష పడదు. ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల షుగర్ సగటు) ఒకసారి చూసుకోండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అది హెచ్చరిక, బరువు తగ్గించే సమయం. ముందు ముందు మందు అవసరమైనా మెట్‌ఫార్మిన్‌తో షుగర్ ఒక్కసారిగా పడిపోయే భయం చాలా తక్కువ, గ్లిమిపిరైడ్ లాంటివాటితో ఎక్కువ. ఒంటరిగా ఎగరనివ్వకపోవడానికి కారణం ఆ పడిపోవడమే. మందు ఎంచుకునేటప్పుడు ఇది డాక్టరుతో మాట్లాడండి. ఇన్సులిన్ దాకా వెళ్తే ఐకావో ప్రమాణం ప్రకారం అన్‌ఫిట్. అమెరికా, బ్రిటన్ షరతులతో అనుమతిస్తున్నాయి కానీ అది ఇక్కడ పనికొచ్చే ఆశ కాదు.

రక్త, మూత్ర పరీక్షలకి ముందు రెండు మూడు రోజులు జిమ్ ఆపేయండి. బరువులెత్తిన మర్నాడు మూత్రంలో ప్రొటీన్, ఒక్కోసారి రక్తం కనిపిస్తాయి, లివర్ పరీక్షలో ఎస్‌జీఓటీ పెరుగుతుంది. ఏ జబ్బూ లేనివాళ్లు ఇలా నెలల తరబడి రిపీట్ టెస్టుల చుట్టూ తిరుగుతారు. అమ్మాయిలు నెలసరి రోజుల్లో పరీక్ష పడితే ముందే చెప్పాలి. ఫాస్టింగ్ అంటే 8 నుంచి 12 గంటలు చాలు, నీళ్లు తాగొచ్చు. మన ఉక్కపోతకి నీళ్లు తక్కువ తాగితే రాళ్లు చేరతాయి. ఇక్కడే ఒక అల్ట్రాసౌండ్ తీయించుకుని, రాయి ఉంటే తీయించి, లేదని చూపే స్కాన్‌తో వెళ్లడం మేలు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస ప్రాంతాల నుంచి వచ్చే పిల్లలు కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ కూడా తప్పక చూసుకోవాలి.

చెవికి 500, 1000, 2000 హెర్ట్జ్ దగ్గర నష్టం 35 డెసిబెల్స్ దాటకూడదు, 3000 దగ్గర 50 దాటకూడదు. స్టీల్ ప్లాంట్‌లోనో షిప్‌యార్డ్‌లోనో అప్రెంటిస్ చేస్తున్నవాళ్లు పరీక్షకి ముందు కనీసం 14 గంటలు మోతకి దూరంగా ఉండాలి, అందులో ఇయర్‌ఫోన్లు కూడా లెక్కే. గుమిలి ముందే తీయించండి. జలుబుంటే తేదీ మార్చుకోవడమే నయం.

ఫారంలో పాత జబ్బుల గురించి అడిగిన గడులు నిజాయితీగా నింపండి. చిన్నప్పటి ఫిట్స్, ఉబ్బసం, మానసిక వైద్యం, ఆపరేషన్లు దాచిపెట్టి సంతకం పెడితే, బయటపడిన రోజు జబ్బు గురించి కాదు, అబద్ధం గురించి విచారణ జరుగుతుంది. ఆంక్షతో గడిచిపోయే విషయం లైసెన్సునే తీసుకుపోతుంది. అన్‌ఫిట్ అని వచ్చినా ఆ లేఖలో కారణం, గడువు, తేవాల్సిన పరీక్షలు రాసి ఉంటాయి. సరిగ్గా అవే తీసుకెళ్లండి. అడగని ఎంఆర్ఐలు తీయించి పట్టుకెళ్తే, ఏదో ఒక అర్థంలేని మచ్చ కనిపించి కొత్త ప్రశ్న పుడుతుంది.

మెడికల్ కాకుండా లైసెన్సు కాగితం మీదే ఉండే పరిమితులు కొన్ని. కమర్షియల్‌కి ఎగిరిన గంటలు 200, అందులో పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత మీదే అయి) 100, క్రాస్ కంట్రీ (ఒక చోటి నుంచి ఇంకో చోటికి) 20, రెండు వేరే విమానాశ్రయాల్లో దిగుతూ 300 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి, ఇన్‌స్ట్రుమెంట్ (బయటికి చూడకుండా పరికరాలు చూసి నడపడం) 10 గంటలు, రాత్రి 5 గంటలతోపాటు 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగ్‌లు. ఎక్కువమందికి వెలితి పడేది రాత్రి గంటల్లోనే, లాగ్‌బుక్‌లో అవి విడిగా కూడుతూ రండి. మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కోర్సులోనే ముగించండి. అవి లేని కమర్షియల్ లైసెన్సుతో చేయగలిగే పని బహు తక్కువ. పైలట్లకి పెట్టే ఇంగ్లిష్ పరీక్షలో లెవెల్ 4 వస్తే మూడేళ్లకోసారి మళ్లీ పరీక్ష, 5కి ఆరేళ్లు, 6 వస్తే ఇక లేదు. 2023 సవరణతో కమర్షియల్ లైసెన్సు కాలం 5 నుంచి 10 ఏళ్లయింది, కానీ మెడికల్ అలా కాదు, 12 నెలలే. పదేళ్ల కాగితం చేతిలో ఉందని మెడికల్ తేదీ మరిచిపోకండి. మెడికల్ దాటాక ఎగిరితే అది ఉల్లంఘనే.

లైసెన్సు వచ్చాక పోగొట్టుకునే దారి సీసాలో ఉంటుంది. ఎగరడానికి ముందు 12 గంటలు మద్యం నిషేధం, ఊదుడు పరీక్షలో సున్నా రావాలి. మొదటిసారి దొరికితే 3 నెలలు, రెండోసారి 3 ఏళ్లు సస్పెన్షన్, మూడోసారి రద్దు. తాగనివాళ్లు కూడా ఇరుక్కునేది దగ్గు సిరప్పులతో, మౌత్‌వాష్‌తో. 2023 నుంచి ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, టూత్ జెల్ కూడా వాడకూడదని స్పష్టంగా రాశారు. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం లాంటివి పులియబెట్టి చేసేవి, వాటిలో ఆల్కహాల్ దానంతటదే పుడుతుంది, లేబుల్ మీద శాతం రాసే ఉంటుంది. బామ్మ ఇచ్చిందని తాగి డ్యూటీకి వెళ్లడానికి లేదు. మత్తు పదార్థాల పరీక్ష వేరే ఉంది, దాని ముందు రోజుల్లో కోడీన్ ఉన్న దగ్గు మందు, గసగసాలు దట్టించిన కూర మానడం మంచిది. గసగసాల వల్ల మూత్రంలో మార్ఫిన్ ఆనవాళ్లు కనిపించొచ్చు. ఇంకా, సెలవుకి ఇంటికొచ్చి రుషికొండలో స్కూబా డైవింగ్ చేస్తే 24 గంటలు గడిచేదాకా విమానం ఎక్కొద్దు, నడపడానికైనా ప్రయాణానికైనా. నీటి లోతున రక్తంలో కరిగిన నైట్రోజన్ పైకి వెళ్లాక బుడగలు కడుతుంది.